సంఘం వెబ్‌సైట్ పాతబడిపోకుండా మీరు ఎలా చూసుకుంటున్నారు?

ఆవగింజ (చర్చ మొదలుపెట్టినవారు) · సోమవారం రాత్రి 10:20

అందరికీ వందనాలు. మా సంఘం వెబ్‌సైట్ పని మూడేళ్లుగా నేనే చూస్తున్నాను. పగలు ఉద్యోగం, ఇది రాత్రి పూట పని. నిన్న జరిగింది మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

రెండు నెలల కిందట మా ఉదయ ఆరాధన 9:30 నుంచి 8:30కి మారింది. మొదటి పేజీలో మార్చాను. 'మమ్మల్ని కలవండి' పేజీలో మార్చడం మర్చిపోయాను. నిన్న ఆరాధన అయిపోయి చాపలు చుడుతుంటే ఒక జంట లోపలికి వచ్చారు, ఆమె భుజం మీద పాప నిద్రపోతోంది. ఆయన ఫోన్ ముందుకు చాపి, "తొమ్మిదిన్నర అని ఉంది కదండీ" అన్నారు. అది మా సైటే. పాస్టర్ గారు వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడారు, ప్రార్థన చేసి పంపారు. కానీ పాపని రెడీ చేసుకుని, కొత్త చోటికి ధైర్యం చేసి వచ్చినవాళ్లు ఖాళీ హాలు చూశారు. కారణం నేను.

మాది వర్డ్‌ప్రెస్ (కోడింగ్ రాకపోయినా సైటు నడుపుకునే సాఫ్ట్‌వేర్) సైటు. సోమవారం రాత్రి మూడు గంటలు దీనికే పోతాయి: ప్రసంగం వీడియో ఎక్కించాలి, సంఘ పత్రిక పీడీఎఫ్ పెట్టాలి, ఫోటోలు సర్దాలి, రాబోయే కూడికలు రాయాలి. సమాచారం ఆరుగురి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా వస్తుంది. యవనస్థుల కూడిక ఎప్పుడని రెండుసార్లు గుర్తు చేస్తేగానీ జవాబు రాదు. ఇంత చేసినా అసలు చూడాల్సిన చోటే తప్పు మిగిలిపోయింది. ఇంకా ఎక్కువ సమయం పెట్టే ఓపిక నాకు లేదు. ఉన్న సమయంలోనే సరిగ్గా చేసే పద్ధతి ఉంటే చెప్పండి.

---

వెనకబెంచీ · సోమవారం రాత్రి 11:05

వందనాలు బ్రదర్. ముందు ఒక్క పని చేయండి. ఆరాధన సమయం మొత్తం ఎన్ని చోట్ల రాసి ఉందో లెక్కపెట్టండి. సైటులోనే కాదు, బయట కూడా. కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

---

ఆవగింజ · మంగళవారం ఉదయం 7:15

లెక్కపెట్టాను. పదకొండు చోట్ల ఉంది. మొదటి పేజీ, పేజీల అడుగు భాగం, 'మమ్మల్ని కలవండి', 'మా గురించి', సండే స్కూల్ పేజీ, పైన తిరిగే బ్యానర్ బొమ్మలో, యూట్యూబ్ ఛానెల్ వివరాల్లో, ఫేస్‌బుక్ పేజీలో, గూగుల్ మ్యాప్స్‌లో, సంఘ పత్రిక చివరి పేజీలో, ఆహ్వాన కార్డు పీడీఎఫ్‌లో. వీటిలో నాలుగు ఇంకా పాత సమయమే చూపిస్తున్నాయి! ఇప్పుడే సరిచేశాను.

---

నెహెమ్యాగోడ · మంగళవారం మధ్యాహ్నం 1:40

నేను వెబ్‌సైట్ల పనిలోనే ఉంటాను, మా సంఘం సైటు కూడా నేనే చూస్తాను. ఆవగింజ గారూ, మీరు మర్చిపోవడం తప్పు అనుకోవద్దు. పదకొండు చోట్ల గుర్తుపెట్టుకుని మార్చాల్సిన ఏర్పాటే తప్పు. ఎవరైనా ఏదో ఒకటి వదిలేస్తారు.

వర్డ్‌ప్రెస్‌లో 'సింక్డ్ ప్యాటర్న్' అని ఉంటుంది. 2023లో వచ్చిన 6.3 వెర్షన్‌కి ముందు దీన్నే 'రీయూజబుల్ బ్లాక్' అనేవారు. ఆరాధన సమయాలన్నీ అందులో ఒక్కసారి రాయండి. తర్వాత ఏ పేజీలో కావాలంటే ఆ పేజీలో దాన్నే పెట్టండి. ఒక్కచోట మారిస్తే అన్ని పేజీల్లో మారిపోతుంది. మీ పదకొండులో ఐదు దీంతోనే తీరిపోతాయి.

బ్యానర్ బొమ్మలో సమయం ఎప్పుడూ రాయకండి. బొమ్మలో రాసింది మార్చాలంటే డిజైన్ చేసినవాళ్ల కోసం వెతకాలి, వాళ్లు ఆ ఫైలు దాచుకుని ఉండాలి. పైగా చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఆ అక్షరాలని చదవలేదు. బొమ్మ బొమ్మగానే ఉండనివ్వండి, సమయం దాని కింద అక్షరాల్లో ఉండాలి. ఆహ్వాన కార్డులో కూడా సమయానికి బదులు సైటు అడ్రస్, క్యూఆర్ కోడ్ వేస్తే చాలు.

ఫేస్‌బుక్, యూట్యూబ్ వివరాల్లో సమయం తీసేసి 'ఆరాధన సమయాలకు మా వెబ్‌సైట్ చూడండి' అని లింకు ఇవ్వండి.

గూగుల్ మ్యాప్స్ మాత్రం అలా వదిలేయడానికి లేదు. కొత్తవాళ్లు మన సైటు కంటే ముందు చూసేది దాన్నే. మీ సంఘం ప్రొఫైల్ ఎవరి అకౌంట్‌లో ఉందో చూసుకోండి, చాలామందికి తెలియదు. పండుగ రోజుల కోసం అందులో ప్రత్యేక వేళలు వేరుగా పెట్టొచ్చు, మామూలు వేళలు కదపక్కర్లేదు. క్రిస్మస్ రోజు వేళలు నెల ముందే పెట్టేసుకోవచ్చు.

అలా చేస్తే ఆ ప్యాటర్న్ కాక చేత్తో మార్చాల్సినవి మీకు రెండే మిగులుతాయి: మ్యాప్స్, సంఘ పత్రిక.

---

తంబురసితార · మంగళవారం రాత్రి 9:30

కూడికల సంగతి నేను చెప్తాను. మేము కార్యక్రమాలు సైటులో రాయడమే మానేశాం. ఒక గూగుల్ క్యాలెండర్ తెరిచి, దాన్ని సైటులో ఒక పేజీలో పొదిగాం. యవనస్థుల నాయకుడికి, స్త్రీల సమాజం అక్కకి, సండే స్కూల్ టీచర్‌కి అందులో రాసే హక్కు ఇచ్చాం. వాళ్లు ఫోన్లో మార్చుకుంటారు, సైటులో అదే కనిపిస్తుంది. మధ్యలో నేను అడగాల్సింది ఏమీ లేదు.

ప్రతి బుధవారం ప్రార్థన, నెలలో మొదటి ఆదివారం ప్రభు రాత్రి భోజనం లాంటివి 'మళ్లీ మళ్లీ వచ్చే కార్యక్రమం'గా ఒక్కసారి పెడితే చాలు. కాకపోతే ముగింపు తేదీ తప్పకుండా పెట్టండి. మేము ఏడాదికే పెడతాం. మా దగ్గర ఒక బైబిల్ తరగతి ఆగిపోయాక కూడా ఏడు నెలలు క్యాలెండర్లో నడుస్తూనే ఉంది. ముగింపు తేదీ ఉంటే ఏడాదికోసారైనా 'ఇది ఇంకా జరుగుతోందా?' అని అడుగుతాం.

పండుగల్లో క్రిస్మస్‌తో ఇబ్బంది లేదు, తేదీ మారదు. ఈస్టర్ కదులుతుంది, దానితో పాటు సగం సంవత్సరం కదులుతుంది. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. అంటే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపల ఎప్పుడైనా రావచ్చు. చర్చి పంచాంగపు పౌర్ణమి ఆకాశంలో పౌర్ణమికి ఒక్కోసారి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, అందుకని మీరు లెక్క కట్టకండి, అచ్చయిన పట్టిక చూసి తీసుకోండి. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. ఆ ఒక్క తేదీ ఖాయమైతే మిగతావి వరసగా వచ్చేస్తాయి: భస్మ బుధవారం 46 రోజుల ముందు, మట్టల ఆదివారం వారం ముందు, ఆరోహణ దినం 39 రోజుల తర్వాత, పెంతెకొస్తు 49 రోజుల తర్వాత. 2026కి చూస్తే ఫిబ్రవరి 18, మార్చి 29, మే 14, మే 24. మేము ఒక శనివారం కూర్చుని మూడేళ్లకి సరిపడా ఎక్కించేశాం, గంటన్నర పట్టింది. (తూర్పు సంప్రదాయ సంఘాల్లో చాలావరకు ఈస్టర్ లెక్క వేరు, వాళ్లు వాళ్ల పట్టికే చూసుకోవాలి.)

ఒక జాగ్రత్త. ఇళ్లల్లో జరిగే ప్రార్థనలకి ఆ ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు బహిరంగ క్యాలెండర్లో రాయకండి. 'స్థలం కోసం ఆఫీసుకి ఫోన్ చేయండి' అని రాయండి. ఎవరిల్లు ఏ రోజు ఎన్ని గంటలకి జనంతో నిండి ఉంటుందో లోకమంతా చూడనక్కర్లేదు.

---

ఒలీవకొమ్మ · బుధవారం ఉదయం 6:50

అందరికీ వందనాలు. నాకు కంప్యూటర్ సంగతులు తక్కువ. మా సంఘం ఆఫీసులో ప్రకటనలు నేనే సేకరిస్తాను. మీరు చెప్పిన ఏర్పాట్లన్నీ మంచివే, కానీ నా అనుభవంలో ఆలస్యం సైటు దగ్గర కాదు, మనుషుల దగ్గర అవుతుంది.

మేము గురువారం సాయంత్రం ఆరు గంటలు అని గడువు పెట్టాం. అప్పటికి అందినవే ఆదివారం ప్రకటనల్లోకి, సైటులోకి వెళ్తాయి. పాస్టర్ గారు తన ప్రకటన కూడా ఆ లోపలే పంపుతారు. ఒకసారి ఆలస్యమైతే ఆయనే "వచ్చే వారం వేయమ్మా" అన్నారు. అది విన్నాక మిగతా అందరూ దారికొచ్చారు. పెద్దలు పాటించకపోతే ఏ గడువూ నిలబడదు.

ప్రకటన పంపేవాళ్లకి ఐదు ప్రశ్నల చిన్న ఫారం ఇచ్చాం. ఏమిటి? ఎప్పుడు? ఎక్కడ? వివరాలకి ఎవరిని అడగాలి? ఇది సైటులోంచి ఎప్పుడు తీసేయాలి? ఈ ఐదో ప్రశ్న మొదట్లో అందరికీ వింతగా తోచింది. మా సైటు మారింది మాత్రం దానివల్లే. పెట్టమని అడగడానికి పదిమంది వస్తారు. తీసేయమని చెప్పడానికి ఒక్కరూ రారు.

---

సౌండ్‌డెస్క్ · బుధవారం రాత్రి 8:10

ఒలీవకొమ్మ అక్కా, ఐదో ప్రశ్న మా ఫారంలో కూడా పెడుతున్నాను.

ఆవగింజ అన్నా, ప్రసంగం వీడియోని ప్రతివారం సైటులో చేత్తో పెట్టక్కర్లేదు. యూట్యూబ్ ఛానెల్ ఐడీ 'యూసీ' అనే రెండు ఇంగ్లీష్ అక్షరాలతో మొదలవుతుంది. అందులో రెండో అక్షరం 'సీ' తీసి 'యూ' పెడితే ఆ ఛానెల్లో ఎక్కించిన వీడియోలన్నిటి ప్లేలిస్ట్ ఐడీ వస్తుంది. ఆ ప్లేలిస్ట్‌ని సైటులో ఒక్కసారి పొదిగితే కొత్త వీడియో ఎప్పుడు ఎక్కినా అదే ముందు కనిపిస్తుంది. అయితే అందులో పాటలు, చిన్న క్లిప్పులు అన్నీ కలిసి వస్తాయి. ప్రసంగాలే కావాలంటే 'ఆదివారం ప్రసంగాలు' అని వేరే ప్లేలిస్ట్ చేసుకుని, కొత్తవి పైన వచ్చేలా వరస పెట్టి దాన్ని పొదగండి. వీడియో ఎక్కించేటప్పుడే ప్లేలిస్ట్ ఎంచుకుంటే ఇక సైటు జోలికి వెళ్లే పనే లేదు.

వీడియో పేరులో తేదీ, వాక్యభాగం, అంశం ఈ వరసలోనే ఉండాలి. 'సండే సర్వీస్ ఫైనల్ 2' అని పెడితే ఆర్నెల్ల తర్వాత మనకే దొరకదు.

డేటా తక్కువ ఉన్నవాళ్ల కోసం ఆడియో కూడా పెట్టండి. మాట మాత్రమే కాబట్టి ఆడియో ఫైలు చేసేటప్పుడు మోనో (ఒకే ఛానెల్ ధ్వని), 64 కేబీపీఎస్ నాణ్యత సరిపోతుంది. 40 నిమిషాల ప్రసంగం 20 ఎంబీ లోపే ఉంటుంది. మా సంఘంలో వయసు మళ్లినవాళ్లు వీడియో కంటే ఇదే ఎక్కువ వింటున్నారు.

ఫోటోలు వారానికి ఆరు చాలు. ఫోన్‌లో తీసినవి అలాగే పెడితే ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. వెడల్పు 1600 పిక్సెల్స్‌కి తగ్గించి పెట్టండి. పిల్లల మొహాలు కనిపించే ఫోటోకి తల్లిదండ్రుల్ని అడగకుండా పెట్టకండి, పేర్లు అసలే రాయకండి.

---

వెనకబెంచీ · గురువారం ఉదయం 8:00

సంఘ పత్రిక పీడీఎఫ్ గురించి నా మాట సూటిగా చెప్తాను. సైటులోంచి తీసేయండి. ఫోన్లో తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి, అటూ ఇటూ జరుపుతూ చదవాలి. కొత్తగా వచ్చేవాళ్లకి దానితో పని లేదు. పాతవాళ్లకి వాట్సాప్‌లో ఎలాగూ వస్తుంది. వారానికి అరగంట మిగులుతుంది.

---

ఒలీవకొమ్మ · గురువారం మధ్యాహ్నం 12:25

వెనకబెంచీ గారూ, నేను ఒప్పుకోను. మా సంఘంలో వేరే ఊళ్లలో ఉన్న పిల్లలు, ఇల్లు కదలలేని పెద్దవాళ్లు ఆ పత్రిక కోసం ఎదురుచూస్తారు. అందరూ వాట్సాప్ గ్రూపులో ఉండరు. సైటులో ఉంటే ఎప్పుడు కావాలన్నా దొరుకుతుంది.

---

వెనకబెంచీ · గురువారం సాయంత్రం 6:40

అక్కా, మీ మాటలో నిజం ఉంది. నేను అంత గట్టిగా ఎందుకు అన్నానో కూడా చెప్తాను.

రెండేళ్ల కిందట మా సంఘంలో ఒక సహోదరి ఏడుస్తూ ఫోన్ చేశారు. ఆమె పేరు గూగుల్‌లో వెతికితే మా సంఘ పత్రిక వస్తోంది. అందులో ప్రార్థన విన్నపాల కింద ఆమె పేరు, ఆమె జబ్బు, ఫోన్ నంబరు. సంఘంలో ప్రార్థన చేస్తారని చెప్పుకున్న బాధ అది. ఆమె ఉద్యోగం కోసం వెతుకుతున్న రోజులు. పీడీఎఫ్ లోపల ఉన్న అక్షరాల్ని కూడా గూగుల్ చదివి పెట్టుకుంటుందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ రాత్రే ఫైలు తీసేశాం. సెర్చ్ కన్సోల్‌లో (సైటు నడిపేవాళ్లకి గూగుల్ ఇచ్చే పరికరం) తొలగింపు అభ్యర్థన కూడా పెట్టాం. అది దాదాపు ఆరు నెలలే పనిచేస్తుంది, ఈలోగా అసలు ఫైలు సైటులో లేకుండా పోవాలి. లింకు మాత్రమే తీసేసి ఫైలుని సర్వర్లో వదిలేస్తే లాభం లేదు. తర్వాత నాలుగేళ్ల పత్రికలు ఒక్కొక్కటి తెరిచి చూశాం. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. నేను వెళ్లి ఆమెకి క్షమాపణ చెప్పాను.

అందుకే పీడీఎఫ్ అంటే భయం.

---

ఒలీవకొమ్మ · గురువారం రాత్రి 9:15

బ్రదర్, చదువుతుంటే గుండె బరువెక్కింది. ఇప్పుడే మా పాత పత్రికలు చూశాను. రెండేళ్ల కిందటి వాటిలో ప్రార్థన విన్నపాలు పేర్లతో సహా ఉన్నాయి. రేపు ఉదయం పాస్టర్ గారితో మాట్లాడి తీయించేస్తాను. ఇక నుంచి విన్నపాల పేజీ అచ్చులో మాత్రమే ఉంటుంది, సైటుకి వెళ్లే ప్రతిలో ఉండదు.

---

నెహెమ్యాగోడ · శుక్రవారం ఉదయం 10:30

ఒలీవకొమ్మ గారు కోరేదీ, వెనకబెంచీ గారు కోరేదీ రెండూ కుదిరే దారి ఉంది. పత్రికని ముందు సైటులో మామూలు పేజీగా రాసి, అక్కడి నుంచి అచ్చుకి తీసుకెళ్లండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు: పాత డీటీపీ ఫాంట్‌లో పత్రిక టైప్ చేస్తారు, అది యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా, సైటులోనైనా ఒకేలా కనిపించే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి సైటులో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, దాంతో మళ్లీ మొదట్నుంచి టైప్ చేస్తారు. లేదా ఆ బాధ పడలేక పీడీఎఫ్ పెట్టేస్తారు. మొదటే యూనికోడ్‌లో టైప్ చేస్తే ఒక్కసారి రాసింది సైటుకి, అచ్చుకి, వాట్సాప్‌కి అన్నిటికీ పనికొస్తుంది. ఇల్లు కదలలేని పెద్దాయన అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకోగలరు.

ఇంకో మాట. ముందుగా రాసి పెట్టి, ఆదివారం పొద్దున ఐదు గంటలకి అదే వెలువడేలా షెడ్యూల్ చేయొచ్చు. కానీ వర్డ్‌ప్రెస్‌లో ఆ పని ఎవరైనా సైటు తెరిచినప్పుడే కదులుతుంది. చిన్న సంఘాల సైటుని తెల్లవారుజామున ఎవరూ తెరవరు, అందుకే 'మిస్డ్ షెడ్యూల్' అని ఆగిపోతుంటుంది. హోస్టింగ్ (సైటుని ఉంచే సర్వర్ సేవ) ప్యానెల్‌లో క్రాన్ జాబ్ (నిర్ణీత వేళకి దానంతట అదే నడిచే పని) పెట్టి పదిహేను నిమిషాలకోసారి ఆ షెడ్యూల్ పనిని పిలిచేలా చేస్తే ఆ బెడద ఉండదు.

---

కొత్తగా_వచ్చా · శుక్రవారం రాత్రి 7:55

నేను ఏ సైటూ నడపను. పోయిన ఏడాది కొత్త ఊరికి మారి సంఘం కోసం వెతుక్కున్నాను, ఆ వైపు నుంచి ఒక మాట చెప్తాను.

ఒక సైటులో మొదటి పేజీలోనే 'క్రిస్మస్ వేడుకలకు రండి' అని ఉంది. చూస్తే అది రెండేళ్ల కిందటి క్రిస్మస్. ఆ సంఘం మూతపడిందనుకుని వదిలేశాను. తర్వాత తెలిసింది, ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది, నిండుగా నడుస్తోంది.

నేను చివరికి వెళ్లిన సంఘం సైటులో నాలుగే పేజీలు. ఎన్ని గంటలకి, ఏ భాషలో, ఎంతసేపు, పిల్లలు ఎక్కడ కూర్చుంటారు, ఏ గేటు నుంచి రావాలి, ఎవరికి ఫోన్ చేయాలి. అంతే ఉంది. ఫోన్ చేస్తే ఒకావిడ తీశారు, ఆదివారం గేటు దగ్గర ఆవిడే నిలబడి ఉన్నారు.

---

నెహెమ్యాగోడ · శనివారం ఉదయం 9:10

పైన రాసింది ఆవగింజ గారు పాస్టర్ గారికి చదివి వినిపించాలి. నాలుగు పేజీల సైటు నిజంగా నలభై పేజీల సైటు కంటే మేలు. మా దగ్గర 'వార్తలు' అనే విభాగం మొత్తం తీసేశాం. తేదీ కనిపించే పోస్టు రాస్తే దాని తర్వాత ఇంకోటి రాస్తూనే ఉండాలి, ఆపిన రోజు నుంచి సైటు ముసలిదవుతుంది. రాయగలిగినవాళ్లు లేనప్పుడు ఆ విభాగమే వద్దు.

ఇంకో సంగతి ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. డొమైన్ (సైటు అడ్రస్‌గా కొన్న పేరు) ఎవరి పేరు మీద, ఏ ఈమెయిల్ మీద ఉంది? నాకు తెలిసిన ఒక సంఘంలో డొమైన్ కొన్న తమ్ముడు ఊరు మారిపోయాడు. గడువు దగ్గర పడుతోందని వచ్చిన మెయిల్స్ అన్నీ అతను వాడడం మానేసిన ఈమెయిల్‌కి వెళ్లాయి. ఆదివారం పొద్దున సైటు లేదు. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి వాటికి సాధారణంగా గడువు దాటాక కొన్నాళ్లు మామూలుగానే రెన్యూ చేసుకునే వీలుంటుంది. ఆ తర్వాత 30 రోజులు అదనపు రుసుము కట్టి విడిపించుకోవాలి. అదీ దాటితే ఐదు రోజుల్లో పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. వాళ్లు ఆఖరి వారంలో దక్కించుకున్నారు.

సంఘం పేరు మీద ఒక ఈమెయిల్ తెరవండి. డొమైన్, హోస్టింగ్, యూట్యూబ్, మ్యాప్స్ అన్నీ దాని మీదే ఉండాలి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి. సైటులో అడ్మిన్‌లు ఇద్దరు చాలు, మిగతావాళ్లకి ఎడిటర్ హక్కు ఇవ్వండి. ఎడిటర్ పేజీలన్నీ మార్చగలరు గానీ ప్లగిన్లు (సైటుకి జోడించే అదనపు సాఫ్ట్‌వేర్లు), థీమ్ (సైటు రూపం) ముట్టుకోలేరు. ప్లగిన్లకి ఆటో అప్‌డేట్ ఆన్ చేసి, వాడనివి పూర్తిగా తీసేయండి. బ్యాకప్ ఒక కాపీ అయినా సర్వర్ బయట ఉంచండి.

---

ఆవగింజ · ఐదు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:45

ఇన్నాళ్లు రాయలేదు, క్షమించండి. చేయాల్సినవి ఒక్కొక్కటిగా చేసుకుంటూ వచ్చాను.

సమయాలు ఒక్కచోటే రాసి ఉన్నాయి. క్యాలెండర్ ముగ్గురి చేతుల్లో ఉంది. సండే స్కూల్ టీచర్ మొదట్లో టెన్షన్ పడ్డారు, ఫోన్లోనే చేయొచ్చని చూపించాక ఇప్పుడు అందరికంటే ముందు ఆవిడే ఎక్కిస్తున్నారు. వీడియోలు వాటంతట అవే వస్తున్నాయి. 31 పేజీల సైటు ఏడు పేజీలకి వచ్చింది. పాత పత్రికలన్నీ తీసేశాం. వాటిలో విన్నపాల్లో పేర్లున్న పదహారు కుటుంబాలకి పాస్టర్ గారే ఫోన్ చేసి సంగతి చెప్పారు.

గురువారం గడువు మాత్రం ఇంకా కుదురుకోలేదు. రెండు వారాలు బాగానే జరిగింది, మూడో వారం శనివారం రాత్రి ఒక పెద్దాయన ప్రకటన పంపారు. వద్దనలేక పెట్టాను. ఒలీవకొమ్మ అక్క చెప్పినట్టు పాస్టర్ గారే ఒకసారి చెప్పాలి.

డొమైన్ చూస్తే నా సొంత ఈమెయిల్ మీదే ఉంది! మార్చేశాం. పోయిన వారం నేను ఊళ్లో లేను. యవనస్థుల్లో ఒక చెల్లికి ఎడిటర్ హక్కు ఇచ్చి ఒక పేజీ సూచనలు రాసిచ్చి వెళ్లాను. గురువారం రాత్రి ఇరవై ఐదు నిమిషాల్లో పని అయిపోయిందని మెసేజ్ పెట్టింది. మూడేళ్లలో సోమవారం రాత్రి నేను త్వరగా నిద్రపోవడం ఇదే మొదలు.

---

ఒలీవకొమ్మ · ఆదివారం మధ్యాహ్నం 2:10

దేవునికి స్తోత్రం. క్రిస్మస్ వేళలు మ్యాప్స్‌లో పెట్టారా మరి?

---

ఆవగింజ · ఆదివారం మధ్యాహ్నం 2:35

మీరు అడిగాక ఇప్పుడే పెట్టాను అక్కా. 24 రాత్రి ఆరాధన, 25 ఉదయం ఆరాధన రెండూ. ఫారంలో ఐదో ప్రశ్నకి '26 ఉదయం తీసేయాలి' అని కూడా రాశాను.